మండేదల్లా ఆమ్లమే

పదో తరగతి పిల్లలకు రసాయన శాస్త్రం ఎలా చెప్పాలో నాకు బి.ఎడ్.లో చెప్పారు, శిక్షణ తరగతుల్లో చెప్పారు, ఇప్పటికీ ఏటా ఎవరో ఒకరు తెర మీద రంగురంగుల బొమ్మలు వేసి మరీ చెబుతున్నారు. అందరికీ నమస్కారం. కానీ నాకు నిజంగా పాఠం చెప్పడం నేర్పింది ఒక సున్నా మార్కుల పేపరు. ఆ సున్నా తెచ్చుకున్న పిల్లకూ, దాన్ని నా చేత సరిగ్గా చదివించిన లెక్కల సారుకూ, నా మాట కోసం రెండు రోజులు ఆగిన ఒక తల్లికీ మనసులో రోజూ దండం పెట్టుకుంటాను.

మా బడి టేకులపల్లి దాటాక రోడ్డు అడవిలోకి తిరిగే చోట ఉంది. నేను టేకులపల్లిలో గది కిరాయికి తీసుకుని ఉంటున్నాను. సెలవొస్తే ఖమ్మం బస్సెక్కి, అక్కణ్ణుంచి మధిర వైపు మా ఊరికి పోతాను. బడిలో చుట్టుపక్కల తండాల పిల్లలే ఎక్కువ. వాళ్ళకు ఇంట్లో లంబాడీ, బళ్ళో తెలుగు, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ మళ్ళీ పుస్తకాల తెలుగు. ఇన్ని గడపలు దాటి ఒక రసాయన సమీకరణం వాళ్ళ బుర్రలోకి చేరడమంటే మాటలు కాదు.

ఆ ఏడాది డిసెంబరులో పిల్లల స్థాయి తెలుసుకోవడానికి పైనుంచి ఒక పరీక్ష వచ్చింది. ఆమ్లాలు, క్షారాల పాఠం నేను వానాకాలంలోనే పూర్తి చేశాను. ప్రశ్న చాలా తేలిక. పది వస్తువుల పేర్లు ఇచ్చి, ప్రతిదాని పక్కనా ఆమ్లమో క్షారమో టిక్కు పెట్టమన్నారు. నిమ్మరసం, చింతపండు, పెరుగు, సున్నపు నీళ్ళు, సబ్బు, బట్టల సోడా, బూడిద నీళ్ళు, ఇలాంటివే. పేపర్లు దిద్ది మార్కులు యాప్‌లో ఎక్కించాలి. సిగ్నల్ కోసం నీళ్ళ ట్యాంకు మెట్ల మీద నిలబడి ఎక్కించాను. అది కాసేపు గిరగిరా తిరిగి, పిల్లలను పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో విడదీసి చూపించింది. మా తరగతిలో సగానికి పైగా ఎరుపే. ఎరుపు పిల్లలకు ఏం చెయ్యాలో కూడా పైనుంచే చెప్పారు. వాళ్ళకు ప్రయోగాలవీ పెట్టి టైము పాడుచేయొద్దు, బిట్లు బట్టీ పట్టించి గట్టెక్కించండి అని.

ఎరుపులోకెల్లా ఎరుపు ఒక తండా పిల్ల. దానికి పదికి సున్నా వచ్చింది. ముందు బెంచీలో కూర్చునేది, అల్లరి లేదు, హోంవర్కు తప్పేది కాదు. ఆ సున్నా చూసి నాకు కోపం రాలేదు, నీరసం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మ బడికి వచ్చింది. వాళ్ళ తండావాళ్ళు ఏటా చలికాలంలో ముఠా కట్టి ఖమ్మం వైపు ఊళ్ళకు మిర్చి ఏరడానికి పోతారు. పోతే మళ్ళీ ఎండాకాలంలోనే రావడం. ఆ వారంలోనే బండి బయలుదేరుతోంది. ఆమె వరండా స్తంభానికి ఆనుకుని నిలబడి, ముక్కుసూటిగా అడిగింది.

"మేడం, మా పిల్లకు సదువు వస్తదా రాదా? వస్తదంటే మా అత్త కాడ ఇడిసిపెట్టి పోత. రాదంటే నా ఎంబడి తోల్కపోత. ఇంకో రెండు చేతులుంటే మిర్చి సాలు జల్దీ ఎల్తది. నువ్వు అబద్ధం జెప్పకు."

ముఠాతో పోతే మార్చిలో పదో తరగతి పరీక్ష ఆ పిల్ల రాయదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. స్తంభం అవతల నిలబడి మా మాటలు వింటున్న పిల్లకూ తెలుసు. వస్తది అని ఒక్క మాట అనేస్తే సరిపోయేది. కానీ సున్నా పేపరు నా సంచిలోనే ఉంది. అబద్ధం చెప్పొద్దని అడిగిన మనిషికి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"రెండు రోజులు ఆగమ్మా, చూసి చెబుతా" అన్నాను.

"సరె, ఆగుత" అంది. ముఠా మేస్త్రీతో ఏం చెప్పుకుందో, ఎన్ని మాటలు పడిందో నాకు తెలియదు. ఆగింది.

ఆ పూటే ఖాళీ పీరియడ్లో స్టాఫ్ రూములో ఆ పేపరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. మా లెక్కల సారు వరంగల్ వైపు మనిషి. నా మాటల్లో "అండీ" వినబడితే చాలు, ఆటపట్టించకుండా వదలరు.

"ఏందండీ మేడం గారండీ, గంటసేపట్నుంచి ఒక్క కాయితమే పట్టుకొని కూసున్నరు. ఏమన్న పెండ్లి శుభలేఖనా?"

"సున్నా అండీ. పదికి పది తప్పులు."

"ఆప్షన్లు ఎన్ని?"

"రెండే. ఆమ్లం, క్షారం."

ఆయన నవ్వడం ఆపి పేపరు లాక్కున్నారు. కింద నుంచి పైకి, పై నుంచి కిందికి చూశారు. "రెండే అయితే సున్నా ఎట్లొస్తది మేడం? కండ్లు మూసుకొని గీకినా సగం రావాలె. మీ ఎర్ర పిల్లలల్ల నాలుగు, అయిదు వచ్చినోళ్ళు ఉన్నరు గద, వాళ్ళు గట్ల గీకినోళ్ళే. పదికి పది తప్పు రాయాలంటే మాత్రం ఊకెనే కాదు, బాగ ఆలోచించాలె. ఈ పిల్ల మనసుల ఏదో ఒక రూల్ పెట్టుకొని రాసింది. ఆ రూల్ ఏందో కనిపెట్టుండ్రి."

ఆ ముక్క ఆయన ఎంత మామూలుగా అన్నారంటే, అనేసి చాయ్ తాగడానికి వెళ్ళిపోయారు. నేను మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

యాప్‌లో మార్కులే ఉంటాయి. ఎవరు దేని దగ్గర ఏం పెట్టారో అందులో ఉండదు. అందుకని పాత క్యాలెండర్ కాగితం వెనక వైపు గళ్ళు గీశాను. నిలువునా పిల్లలు, అడ్డంగా వస్తువులు. ఆమ్లం అని పెట్టిన ప్రతి గడిలో ఎర్ర పెన్నుతో చుక్క పెట్టాను. చూస్తే తట్టు పోసినట్టు కాగితమంతా చుక్కలే. ఏమీ అర్థం కాలేదు. తరువాత కత్తెర తెచ్చి, ఒక్కో వస్తువు వరసను పట్టీలుగా కత్తిరించి, పులుపువన్నీ ఒక పక్కకూ, మిగిలినవి ఇంకో పక్కకూ జరిపాను. అప్పుడు కనిపించింది. ఆ పిల్లదే కాదు, ఎరుపులో ఉన్న చాలామంది చుక్కలు సున్నపు నీళ్ళు, సబ్బు, సోడా, బూడిద మీద గుంపుగా పడి ఉన్నాయి. చింతపండు, పెరుగు దగ్గర కాగితం తెల్లగా ఉంది. వీళ్ళు పాఠం మరిచిపోలేదు. నా పాఠానికంటే ముందే వాళ్ళ దగ్గర ఇంకో పాఠం ఉంది.

అదేమిటో ఆ పిల్లనే అడిగాను. మధ్యాహ్న భోజనం అయ్యి, కొళాయి దగ్గర పళ్ళెం కడుక్కుంటోంది.

"సున్నపు నీళ్ళను ఆమ్లమని ఎందుకు పెట్టావే?"

"మండుతది గద మేడం."

"మరి చింతపండు?"

"అది ఏడ మండుతది? తింటం గద."

"అయితే ఆమ్లమంటే ఏంటి, నీ లెక్కన?"

"మండేది" అంది, ఇంత చిన్న విషయం అడుగుతున్నానేంటి అన్నట్టు. "బాత్రూంల పోసే యాసిడ్ మండుతది. సబ్బు కండ్లల్ల పడితె మండుతది. మిర్చి ఏరినంక చేతులు మండుతయి, రాత్రి నిద్ర గూడ పట్టది. అన్ని యాసిడే గద."

పోయిన ఏడు సెలవుల్లో అదీ తల్లితో కలిసి కొన్నాళ్ళు మిర్చి ఏరిందట. పుస్తకం పట్టుకుని మేము రుచి గురించి చెప్పాం, లిట్మస్ గురించి చెప్పాం, అయాన్ల గురించి చెప్పాం. మంట గురించి ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. తన చేతులు చెప్పిందే ఆ పిల్ల రాసింది.

ఇక బిట్ పేపర్లు అటకెక్కించాను. ఆ సాయంత్రమంతా మర్నాటి పాఠం తయారు చేసుకున్నాను. లిట్మస్ కాగితాలు బడిలో అడుగంటాయి, వాటిని దారపు పోగుల్లా సన్నగా కత్తిరించాను. పసుపు రాసిన కాగితాలు కూడా పెడదామనిపించింది. కానీ పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుంది, నీలి లిట్మస్ ఆమ్లం తగిలితే ఎర్రబడుతుంది. ఇప్పటికే తలకిందులుగా ఉన్న లెక్కను ఇంకోసారి తిప్పడం ఎందుకని పసుపు మానేశాను. పుస్తకంలో లాగా నిర్వచనంతో కాకుండా పిల్లల రూలుతోనే మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాను.

మర్నాడు తరగతిలో అడుగుపెట్టగానే బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను. మండేదల్లా ఆమ్లమే. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నాను. ఎరుపు పిల్లలందరి చేతులూ ఒక్కసారి లేచాయి. వాళ్ళు అంత ధీమాగా చెయ్యెత్తడం నేనెప్పుడూ చూడలేదు. టీచరు తమ మాట బోర్డు మీద రాసిందని వాళ్ళ ముఖాలు వెలిగిపోతుంటే నాకు లోపల గిల్లినట్టయింది.

తరువాత పరీక్ష మొదలైంది. వంట అక్క దగ్గర చింతపండు, పొయ్యిలో బూడిద అడిగి తెచ్చాం. మొదట ఏమవుతుందో పిల్లలు చెప్పాలి, ఆ తరువాతే కాగితం ముంచాలి. చింతపండు రసంలో నీలి కాగితం ఎర్రబడింది. సున్నపు నీళ్ళలో ఎర్రకాగితం నీలమైంది. సబ్బు, సోడా, బూడిద, అన్నీ నీలమే. వెనక బెంచీ నుంచి ఒకడు, "కాయితం కరాబైంది మేడం, కొత్తది తీయుండ్రి" అన్నాడు. కొత్తది తీశాను. అదీ నీలమే అయింది.

అప్పుడు ఆ పిల్ల లేచి, "మిర్చి పెట్టుండ్రి మేడం" అంది.

వంట అక్క గుప్పెడు ఎండు మిరపకాయలు ఇచ్చింది. ఈ ముక్క నేను ముందుగా చేసి చూసుకోలేదు. నలిపి నీళ్ళలో నానబెట్టి నీలి కాగితం ముంచితే, అది కాసేపు తటపటాయించి, లేతగా ఎర్రబడింది. మిరపకాయ కూడా కాయే, అందులోనూ కాస్తంత పులుపు ఉంటుంది. ఆ సంగతి నాకు తెలియక కాదు, సమయానికి తట్టలేదు. తరగతి గొల్లుమంది.

"చూసిన్రా, యాసిడే!" అంది ఆ పిల్ల. ఇంత చేసి చివరికి దాని రూలునే నేను గట్టి చేశాను. నా తల ప్రాణం తోకకొచ్చింది. గంట కొట్టడానికి ఎంతోసేపు లేదు. ఆ సాయంత్రమే తల్లి వస్తుంది.

ఏం చెయ్యాలో తోచక, ఏదో ఒకటి మాట్లాడాలని, "సరే, మిర్చి ఏరితే చేతులు మండుతాయి కదా, మరి అప్పుడు ఏం చేస్తారు?" అన్నాను.

"సల్లతోని కడుగుతం" అంది. "పులిసిన సల్ల అయితే ఇంక మంచిగ తగ్గుతది."

సల్ల అంటే మజ్జిగ. ఆ మాట వినగానే మధిర వైపు మా నాన్న మిరప చేను గట్టు కళ్ళ ముందు నిలబడింది. అక్కడ మా నాయనమ్మ ఒక బాన నిండా పుల్ల మజ్జిగ పెట్టించేది. సాయంత్రం కూలీలు ఒక్కొక్కరే వచ్చి మోచేతుల దాకా ముంచుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవాళ్ళు. తాగే మజ్జిగలో చేతులు పెడుతున్నారేంటని చిన్నప్పుడు నేను అడిగితే, "అది తాగేది కాదు, చల్లార్చుకునేది" అనేది నాయనమ్మ. ఆవిడ నా రసాయన శాస్త్రానికి సాయం వస్తుందని ఏనాడూ అనుకోలేదు.

నా అన్నం సంచిలో తాగడానికి తెచ్చుకున్న మజ్జిగ సీసా ఉంది. మూత తీసి, గిన్నెలో పోసి, మిగిలిన నీలి కాగితం ఆ పిల్ల చేతికిచ్చి ముంచమన్నాను. ముంచింది. మిరప నీళ్ళలోకంటే చక్కగా, చిక్కగా ఎర్రబడింది.

ఆ పిల్ల ఒక చేతిలో మిరప కాగితం, ఒక చేతిలో మజ్జిగ కాగితం పట్టుకుని మార్చి మార్చి చూసింది.

"సల్ల గూడ యాసిడే" అంది మెల్లగా. "మిర్చికంటె ఎక్కువ యాసిడు. గట్లయితె చేతులు సల్లల పెడితె మంట ఇంక ఎక్కువ గావాలె గద మేడం? తక్కువెట్లయితది?"

"నువ్వే చెప్పు."

చాలాసేపు చెప్పలేదు. నేను నాలుక కొరుక్కుని ఊరుకున్నాను. టీచరుకు అంతకంటే కష్టమైన పని లేదు. చివరికి తలెత్తింది.

"మరి మంట యాసిడ్‌ది కాదు మేడం. మిర్చిల కొంచెం పులుపు ఉంటె ఉన్నది. మంట వేరేది."

మిరపలో మంట పుట్టించేది నూనెలాంటి ఇంకో పదార్థమనీ, అది నీళ్ళకు వదలదనీ, మజ్జిగలోని వెన్న, పాల పదార్థం దాన్ని పట్టుకుని లాగేస్తాయనీ చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తరువాత ఆ పిల్లకు డస్టరు ఇచ్చాను. తన రూలు తనే తుడిచి, సుద్దముక్కతో రాసింది. మండేదల్లా ఆమ్లం కాదు.

సాయంత్రం వాళ్ళమ్మ వచ్చి, మళ్ళీ అదే స్తంభానికి ఆనుకుంది.

"వస్తదా, రాదా?"

"వస్తదమ్మా. పదికి పది తప్పు రాసింది."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "తప్పులు రాసిందని మెచ్చుకుంటున్నవేంది మేడం?"

కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. క్యాలెండర్ కాగితం చూపించాను, చుక్కల గుంపు చూపించాను. ఊరికే గీకిన పిల్ల కాదనీ, ఆలోచించి రాసిందనీ, ఆలోచన తప్పని తెలియగానే దాన్ని తనే పడగొట్టిందనీ చెప్పాను. ఇలాంటి పిల్లకు చదువు రాకపోతే ఇంకెవరికీ రాదన్నాను. ఆమెకు ఆమ్లం సంగతి ఎంత అర్థమైందో గానీ, సల్ల సంగతి చెప్పినప్పుడు మాత్రం కూతురి వైపు తిరిగి నవ్వింది.

"అవ్, సల్లతోనే తగ్గుతది" అంది. లేచి కొంగు దులుపుకుంది. "సరె మేడం. నీ మీద ఇడిసిపోతున్న."

మర్నాడు బండి వెళ్ళిపోయింది. పిల్ల వాళ్ళ నాయనమ్మ దగ్గర ఉండిపోయింది.

ఆ తరువాత నేను చెప్పిన ప్రతి పాఠమూ తప్పుల నుంచే మొదలైంది. ముందు ఒక చిన్న పరీక్ష పెట్టడం, చుక్కలు పెట్టడం, పట్టీలు కత్తిరించి జరపడం, ఎక్కడ గుంపు కడుతున్నాయో చూడడం. ఇనుము తుప్పు పట్టేటప్పుడు నిజానికి బరువు పెరుగుతుంది, తగ్గుతుందని తరగతి మొత్తం రాసింది, ఎందుకంటే వాళ్ళు చూసిన తుప్పు కొడవళ్ళన్నీ రాలిపోయేవే. లెక్కల సారు నా క్యాలెండర్ కాగితాలు చూసి, "మేడం, వచ్చే యేడు తారీకులు చూసుకోనికి ఒక్కటన్న మిగుల్చుండ్రి" అనేవారు. అంటూనే తన ఇంటి నుంచి పాత క్యాలెండర్లు తెచ్చి నా బల్ల మీద పడేసేవారు. ఎరుపు, పసుపు, పచ్చ గురించి నాకు ఇప్పటికీ పేచీ లేదు. ఆ రంగు లేకపోతే ఆ సున్నాను నేను అంతసేపు చూసేదాన్ని కాదు. కాకపోతే రంగు చూసి ఊరుకుంటే పిల్ల ఏమనుకుంటోందో తెలియదు.

ఫలితాలు వచ్చిన మర్నాడు, సెలవులే అయినా పిల్లలు వస్తారని బడికి వెళ్ళాను. ఆ పిల్ల పాసైంది, సైన్సుతో సహా. ఇంటర్లో బైపీసీ తీసుకుంటానని, నర్సింగ్ చదువుతానని గడగడా చెప్పేస్తోంది. అప్పుడే రోడ్డు మీద డీసీఎం వ్యాను ఆగింది. మిర్చి ముఠా తిరిగొస్తోంది. నెత్తిన మూటతో, చీరంతా ఎర్రటి దుమ్ముతో వాళ్ళమ్మ దిగింది. తండాకు పోకుండా సరాసరి బళ్ళోకే వచ్చింది. పిల్ల ఎదురు పరుగెత్తి లంబాడీలో ఏదో అరిచింది. నాకు ఆ భాష రాదు, రావాల్సిన అవసరమూ కలగలేదు.

ఆమె మూట దింపింది. నా దగ్గరకు వచ్చి, రెండు అరచేతులతో నా రెండు చెంపలూ నిమిరి, తన కణతల మీద మెటికలు విరిచింది. మూడు జతల చేతులు చేయాల్సిన పని ఆమె, ఆమె మొగుడు చలికాలం నుంచి ఎండాకాలం దాకా రెండు జతల చేతులతో చేసుకొచ్చారు. అదంతా నేను అన్న ఒక్క మాట మీద.

కాసేపటికి చెంపలు చురుక్కుమన్నాయి. తరువాత భగ్గుమన్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా ముఖం చూసి ఆమె గాభరా పడింది.

"అయ్యో, చేతులు కడగలే మేడం! మరిచిపోయిన! పొద్దున దాక ఏరినం."

"సల్ల, సల్ల తెస్త మేడం!" అంటూ పిల్ల గేటు వైపు ఉరికింది. రెక్క పట్టుకుని ఆపాను.

"వద్దులేవే" అన్నాను. "కాసేపు ఉండనీ."

టేకులపల్లి దాకా ఆటోలో మండుతూనే ఉన్నాయి. ఒళ్ళో సంచి ఉంది. సంచిలో మజ్జిగ సీసా ఉంది. నేను మూత తీయలేదు.